తాతగారి పేరు ఎందుకు తీసేశారు?

తెలుగు వికీపీడియాలో రాస్తున్నవారి ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాం. ఈసారి ఒక ఉత్తరానికే, దాన్ని కుదించి వేసినా, ఎక్కువ చోటు పోయింది. మిగతావాళ్ళు ఏమనుకోవద్దు.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. మాది చీరాల దగ్గర పల్లెటూరు. మనవడు ఖాతా తెరిచి ఇస్తే వికీపీడియాలో మా ఊరి పేజీ నింపాను. శివాలయం మహిమ, స్థలపురాణం, గుడికి విరాళాలిచ్చిన దాతల పేర్లు, చీరాల-పేరాల ఉద్యమంలో పాల్గొన్న మా తాతగారి గురించి రాశాను. తాతగారికి వచ్చిన తామ్రపత్రం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. తెల్లారేసరికి ముప్పాతిక భాగం తీసేశారు. మిగిలినదాంట్లో ‘గారు’లన్నీ కొట్టేశారు. మళ్ళీ పెడితే మళ్ళీ తీశారు. మూలాలు లేవంటారు, కాపీహక్కు అంటారు, తటస్థత అంటారు. జీవితమంతా పిల్లల వ్యాసాలు దిద్దినవాణ్ణి. మా ఊరి సంగతి నాకంటే వాళ్ళకెక్కువ తెలుసా?
- బాపట్ల జిల్లా పాఠకుడు

జవాబు: తెలియదు మాస్టారూ. తెలుసని వాళ్ళూ అనలేదు. మీరు ఉత్తరంతోపాటు పంపిన చర్చ పేజీ (వికీలో రాసేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు) కాగితాలు జాగ్రత్తగా చదివాను. మీరు రాసింది అబద్ధం అన్న మాట ఎక్కడా లేదు. ‘ఇది ఎక్కడ అచ్చయింది?’ అన్నదొక్కటే వాళ్ళ ప్రశ్న. మీకు అది ‘నిన్ను నమ్మం’ అన్నట్టు వినిపించింది. ఆ వయసులో, ఆ వృత్తిలో ఉండి వచ్చినవారికి అలా వినిపించడంలో వింత లేదు.

మీ చర్చ పేజీలో ఉన్న మూడు సందేశాల్లో మొదటి రెండూ మీకోసం రాసినవి కావు. వికీలో వాటిని మూసలంటారు. ఒక చిన్న కోడు పెడితే మొత్తం పేరా దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఎర్ర గీత, ఆశ్చర్యార్థకం బొమ్మ, ‘తొలగించబడవచ్చును’ లాంటి పొడి భాష అంతా ఆ మూసదే. నిన్న చేరిన కాలేజీ కుర్రాడికీ మీకూ అదే పాఠం వస్తుంది. (ఆ మూసల తెలుగును ఎవరైనా ఒకసారి ఆసాంతం తిరగరాస్తే సగం గొడవలు తగ్గుతాయని నా అభిప్రాయం. కోర్టు నోటీసులు కూడా ఇంతకంటే మెత్తగా ఉంటాయి.)

మూడోది మాత్రం మనిషి రాసింది. మీరే పంపారు, మళ్ళీ చదవండి: “నమస్కారమండి. ఊరి పేజీని విస్తరిస్తున్నందుకు సంతోషం. స్థలపురాణం భాగం ఆలయ కరపత్రంలో ఉన్నది ఉన్నట్టుగా ఉంది కాబట్టి తీసేశాను. ఉద్యమంలో పాల్గొన్నవారి వివరాలకు పుస్తకంగానీ పత్రికగానీ చూపగలిగితే తిరిగి చేర్చవచ్చు.” ‘తిరిగి చేర్చవచ్చు’ అని ఆయనే అన్నాడు మాస్టారూ. పైన ఉన్న రెండు మూసల కోపంలో మీరు ఇంతవరకు వచ్చినట్టు లేరు. ఎందుకంటే మీ జవాబులో ఆ మాట ప్రస్తావనే లేదు. ‘మీ వయసెంత?’ అని మాత్రం ఉంది.

రాసిందంతా పోయిందన్న బాధ అక్కర్లేదు. పేజీ పైన ‘చరిత్ర’ అని ఉంటుంది, నొక్కండి. ఆ పేజీ పుట్టిన రోజునుంచి ఎవరు, ఏ నిమిషాన, ఏ అక్షరం మార్చారో వరసగా ఉంటుంది. మామూలుగా తీసేసిన పాఠం అక్కడే ఉంటుంది, తీసుకుని మీ ప్రయోగశాలలో (సాధన కోసం ఉండే మీ సొంత పేజీలో) పెట్టుకుని తీరిగ్గా దిద్దుకోవచ్చు. కాపీహక్కు ఉన్న పాఠాన్ని మాత్రం ఒక్కోసారి నిర్వాహకులు (తొలగించే అధికారం ఉన్న సభ్యులు) చరిత్రలో కూడా కనబడకుండా చేస్తారు. కరపత్రం మీ దగ్గరే ఉంది కాబట్టి అందులో మీకు పోయేదేమీ లేదు.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం. మీరు గుడి గురించి రాసిన మొదటి వాక్యం ఇది: “మా గ్రామమందలి శివాలయము వేయి సంవత్సరముల చరిత్ర కలిగి, దర్శించిన వారి కోర్కెలు తప్పక నెరవేర్చుచు విరాజిల్లుచున్నది.” దిద్దిన తర్వాత మిగిలింది: “గ్రామంలో శివాలయం ఉంది.” మీకు మండిందంటే మండదూ! కానీ ఆ దిద్దినాయన స్థానంలో కూర్చుని చూడండి. ‘మా’ అంటే ఎవరి? పేజీ ఊరివాళ్ళొక్కరిదే కాదు, నోర్వేలో కూర్చుని చదివేవాడిది కూడా. కోర్కెలు నెరవేరతాయన్నది భక్తుల నమ్మకం. దాన్ని ‘భక్తులు నమ్ముతారు’ అని, ఆ నమ్మకాన్ని నమోదు చేసిన పుస్తకం పేరు చెప్పి రాయొచ్చు. ఇక ‘వేయి సంవత్సరములు’. అసలు సరుకు ఇక్కడుంది. వెయ్యేళ్ళని ఎవరు తేల్చారు?

మీ ఉత్తరంలోనే, చివర్లో, ఎందుకో బ్రాకెట్లో రాశారు: గుడి మండపంలో స్తంభం మీద శాసనం ఉందని, చిన్నప్పుడు ఎవరో వచ్చి కాగితం అద్ది అచ్చు తీసుకెళ్ళారని. మాస్టారూ, మహిమను పేజీలో పెట్టి శాసనాన్ని బ్రాకెట్లో పెడతారా! అలా అచ్చు తీసుకెళ్ళేది సాధారణంగా ప్రభుత్వ పురావస్తు విభాగంలోని శాసన శాఖవాళ్ళే. వాళ్ళు ఏటా నివేదికలు వేస్తారు. వాటిలో ఊరి పేరు, గుడి పేరు, శాసనం ఏ రాజు కాలానిది, ఏ శక సంవత్సరం, ఏం దానం చేశారు అన్నది రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. ‘దక్షిణ భారత శాసనాలు’ సంపుటాల్లో పదోది అచ్చంగా తెలుగు శాసనాలదే, 1948లో వచ్చింది. పెద్ద లైబ్రరీల్లో ఉంటుంది, ఇంటర్నెట్‌లో స్కాను కూడా దొరుకుతుంది. ఊరి పేరు పాత స్పెల్లింగుల్లో వెతకాలి సుమా. తాలూకా బాపట్లగానో ఒంగోలుగానో ఉండొచ్చు. దొరికితే మీ వాక్యం ఇలా అవుతుంది: ‘గ్రామంలోని శివాలయ మండపంలో ఫలానా శక సంవత్సరపు శాసనం ఉంది. ఫలానా వ్యక్తి ఆలయానికి దీపం కోసం గొర్రెలను దానం చేసినట్టు అందులో ఉంది.’ పక్కన సంపుటం, శాసనం నంబరు. ఆ వాక్యం తీసేసే ధైర్యం ఎవరికీ ఉండదు. అది వెయ్యేళ్ళకు బదులు ఏడొందలేళ్ళే అని తేలినా కంగారు పడొద్దు, రాసెయ్యండి.

కంపెనీ కాలంలో సర్వేలు చేసిన కల్నల్ కాలిన్ మెకంజీ ఊరూరా కరణాల చేత రాయించిన కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు కూడా చూడండి. కొన్ని ప్రాంతాలవి పుస్తకాలుగా వచ్చాయి. మీ కరపత్రంలో ఉన్న స్థలపురాణం బహుశా అందులోంచే నడిచి వచ్చి ఉంటుంది. కరపత్రం ఎత్తి రాస్తే కాపీహక్కు అడ్డం. కైఫీయతు చదివి, మీ మాటల్లో క్లుప్తంగా చెప్పి, ‘కైఫీయతు ప్రకారం’ అంటే అడ్డు లేదు. కరపత్రం మీరే రాశానంటున్నారు కదా, అయినా సరే: వికీలో ఎక్కించిందేదైనా ప్రపంచంలో ఎవరైనా తిరిగి వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అంత హక్కు ఇస్తున్నట్టు రచయిత వికీమీడియాకు విడిగా ఈమెయిలు పంపాలి. అంత తతంగం దేనికి, తిరగరాయడమే సుఖం.

జనాభా అంకె గురించి మీరు రాయలేదు గానీ పేజీ చరిత్రలో చూశాను. 2011 లెక్క తీసేసి ‘ప్రస్తుతం సుమారు ఆరు వేలు’ అని పెట్టారు. అది వెనక్కి తిప్పారు. పంచాయతీలో కనుక్కున్నానని మీరంటారు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి అచ్చులో ఉన్న చివరి లెక్క 2011దే. పాతదే, కానీ ఏ సంవత్సరానిదో దాని పక్కనే చెప్పి ఉంది. ‘ప్రస్తుతం’ అన్నది పదేళ్ళ తర్వాత కూడా అలాగే ఉండిపోతుంది. ఇంకొక తిరకాసు: 2011 నాటికి బాపట్ల జిల్లా లేదు, అది 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. చీరాల వైపు ఊళ్ళ లెక్క ప్రకాశం జిల్లా పుస్తకంలో వెతకాలి. 1970కి ముందు కాగితాలైతే గుంటూరు జిల్లాలో. తాతగారి కోసం వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

తాతగారి దగ్గరికి వద్దాం. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపు మీద జనం మునిసిపాలిటీ పన్ను కట్టం పొమ్మని ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగరంలో పాకలేసుకుని పదకొండు నెలలపాటు ఎండకీ వానకీ ఓర్చుకున్న ఉద్యమం అది. అందులో ఉన్న మనిషి పేరు ఊరి పేజీలో ఉండాలని మనవడు కోరుకోవడం న్యాయం. తామ్రపత్రం 1972 నాటిదై ఉంటుంది, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా సమరయోధులకు ప్రభుత్వం ఇచ్చినవి. అది గౌరవం, ఇంట్లో గోడకు ఉండాల్సిందే. కానీ వికీకి మూలం కాదు. చదివేవాడు మీ గోడ దాకా రాలేడు కదా. అచ్చయిన దాన్నైతే లైబ్రరీకి వెళ్ళి ఎవరైనా సరిచూసుకోగలరు.

ఎక్కడ వెతకాలి? ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్య సమరయోధుల వివరాలతో రాష్ట్ర ప్రభుత్వం ఇంగ్లీషులో ‘హూ ఈజ్ హూ’ సంపుటాలు వేయించింది. తామ్రపత్రం అందుకున్న మనిషి వాటిలో ఉండే అవకాశం బాగా ఉంది. తండ్రి పేరు, ఊరు, శిక్ష ఎంతకాలం, ఏ జైలు అన్నట్టుగా నాలుగు లైన్లుంటాయి. అక్కడ లేకపోతే 1921 నాటి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక. పాత పత్రికల స్కానుల్ని ప్రెస్ అకాడమీవారు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఓపిక కావాలి, అక్షరాలు చెదిరి ఉంటాయి, మనవడి కళ్ళు అరువు తెచ్చుకోండి. పేరొక్కటే దొరికితే చాలదు, అదే పేరుతో చీరాలలో ఇంకో పదిమంది ఉండి ఉంటారు. ఊరి పేరు కూడా కలవాలి.

ఇవేవీ దొరక్కపోతే? తాతగారి పేరు అక్కడ ఉండదు. ఇది నాకు కూడా మింగుడుపడని సంగతే. మన పల్లెల చరిత్ర చాలాభాగం అచ్చు మొహం చూడలేదు. ముసలాళ్ళ నోళ్ళలో ఉంది, వాళ్ళతో పోతోంది. అచ్చయిందే చెల్లుతుందనే నియమం అచ్చులోకి ఎక్కినవాళ్ళకి అనుకూలం, ఎక్కనివాళ్ళకి కాదు. అలాగని ఆ నియమం తీసేస్తే రేపు ప్రతి ఊరి పేజీలో ప్రతి ఇంటి తాతా జైలుకెళ్ళొస్తాడు. నిజంగా ఉద్యమంలో ఉన్న మీ తాతగారు ఆ గుంపులో కనబడకుండా పోతారు. దాన్ని వికీలో వాదించి గెలవలేరు. ఆ కథను ఒక పత్రికకు వ్యాసంగా రాయండి. తామ్రపత్రం ఫొటోతో, ఆధారాలతో ఇస్తే జిల్లా ఎడిషన్‌వాళ్ళు సంతోషంగా వేసుకుంటారు. అది అచ్చయ్యాక దాన్ని చూపి ఒక వాక్యం చేర్చమని వేరేవాళ్ళను అడగండి. సొంత తాత గురించి సొంత వ్యాసాన్ని చూపి మీరే చేర్చడం అంత బాగుండదు.

‘గారు’ విషయం. తెలుగు వికీలో వ్యక్తుల గురించి ఏకవచనంలో రాయాలని మొదట్లోనే చర్చించి పెట్టుకున్న పద్ధతి. గోపాలకృష్ణయ్య ఉద్యమం ‘నడిపాడు’ అనే ఉంటుంది, ముఖ్యమంత్రులైనా ‘చేశాడు’ అనే. చేరిన ప్రతి కొత్తవారూ దీని మీద ఒకసారి పోట్లాడతారు. నాకు మాత్రం ఇది నచ్చుతుంది, కారణం గౌరవం కాదు, తగువు. ఎవరికి ‘గారు’ పెట్టాలి, ఎవరికి అక్కర్లేదు అని ఎవరు నిర్ణయిస్తారు? సర్పంచికి పెట్టి పాలేరుకి మానేస్తే అదొక తీర్పు. మీ పేజీలో అదే జరిగింది చూడండి: దాతలందరికీ ‘గారు’ ఉంది, గుడి కట్టిన శిల్పికి లేదు. దాతల జాబితా, వాళ్ళ ఫోన్ నంబర్లు తీసేయడం గురించి నేను మిమ్మల్ని ఓదార్చను. ఫోన్ నంబర్లు పెట్టడం అస్సలు కూడదు.

ఇప్పుడు చేయాల్సింది. తీసేసినదాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టకండి. ఒక రోజులో మూడుసార్లు మించితే ఖాతాకు అడ్డుకట్ట వేసే అవకాశం ఉంది, అప్పుడు న్యాయం మీ వైపున్నా వినేవాడుండడు. ఊరి పేజీ తాలూకు చర్చ పేజీలో ఇలా రాయండి: “నేను ఈ ఊరివాణ్ణి. ఆలయంలో శాసనం ఉంది, దాని వివరాల కోసం వెతుకుతున్నాను. ఈ పేజీకి మొదట ఏ విభాగం రాస్తే మేలో చెప్పగలరు.” చివర నాలుగు టిల్డెలు (~~~~) కొడితే మీ పేరూ, టైమూ వస్తాయి. వయసు అడగొద్దు. ఆ దిద్దినాయన ఎవరో నాకు తెలియదు గానీ, అక్కడ పనిచేసేవాళ్ళెవరికీ జీతం లేదు. ఉద్యోగం చేసుకుని, అన్నం తిని, రాత్రి పదింటికి కూర్చునేవాళ్ళే ఎక్కువ.

ఇంకొక్క మాట, మీరు అడగనిది. మీ ఊరి చెరువు గురించి, తూము ఎటు తెరిస్తే ఏ పొలానికి నీళ్ళు పోతాయో రాసిన పేరా ఒకటుంది. మూలం లేదని దాన్నీ తీశారు. రాసిన వాటన్నిట్లో చక్కని తెలుగు అదే. పత్రిక వ్యాసంలో దాన్ని వదలకండి.

ప్రశ్న: నేను బీటెక్ చదువుతున్నాను. తెలుగు వికీలో కొత్త పేజీలు చూసి సలహాలు ఇస్తుంటాను. ఒక కొత్తాయనకు నియమాల పేజీల లింకులన్నీ మర్యాదగానే ఇచ్చాను. ఆయన మళ్ళీ కనబడలేదు. నేనేం తప్పు మాట్లాడాను?
- హైదరాబాదు పాఠకురాలు

జవాబు: మాట తప్పు కాదమ్మా, మోతాదు ఎక్కువైంది. నువ్వు పంపిన సందేశంలో తొమ్మిది లింకులున్నాయి. ఆయన రాసిందేమో ఐదు వాక్యాలు. ఆ ఐదింటిలో ఏది బాగుందో, ఏది మార్చాలో ఒక్క ముక్క కూడా లేదు. అంటే నువ్వు చదివావని ఆయనకు తెలిసే దారి లేదు.

ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లీషు వికీలో చురుగ్గా రాసేవాళ్ళ సంఖ్య 2007లో పతాకస్థాయికి చేరి, తర్వాత కొన్నేళ్ళపాటు తగ్గుతూ వచ్చింది. ఎందుకని వెతికిన పరిశోధకులకు తేలినదేమంటే, మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ళ మార్పులు మునుపటికంటే ఎక్కువగా వెనక్కి తిప్పుతున్నారు, మనిషి మాటకు బదులు మూసలూ యంత్ర సందేశాలూ పలకరిస్తున్నాయి. వాళ్ళకి మనుషులు బోలెడుమంది. తెలుగుకి అలా కాదు, ఒక్కరు వెళ్ళిపోయినా లోటు తెలుస్తుంది.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషిని. గళ్ళీ (ప్రూఫు కాగితం) అంతా ఎర్రసిరా పూస్తే రచయిత కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోతాడు. కాబట్టి ఒక లోపం ఎంచుకో. అది ఏ వాక్యంలో ఉందో చెప్పు. ఆ వాక్యానికి నువ్వే ఒక మూలం పెట్టి చూపించి, ‘మిగతావాటికి ఇలాగే పెట్టండి’ అను. లింకు ఒకటి చాలు. పేజీ పుట్టిన ఐదు నిమిషాలకే మూస తగిలించకు, ఆయన ఇంకా టైపు చేస్తూనే ఉండొచ్చు. ఎత్తిరాసిన పాఠం, బతికున్న మనిషి మీద ఆధారం లేని నింద, ఈ రెండూ మాత్రం ఆగకుండా తీసెయ్యి, తీసిన కారణం దిద్దుబాటు సారాంశంలో (మార్పుతోపాటు రాసే చిన్న గమనికలో) రాయి. వెళ్ళిపోయినాయన చర్చ పేజీలో ఇవాళైనా ఒక ముక్క రాసి చూడు. ఈమెయిలు పెట్టుకుని ఉంటే ఆయనకు కబురు వెళ్తుంది.

ప్రశ్న: నావి నాలుగు కవితా సంపుటాలు వచ్చాయి. నా గురించి నేనే పేజీ పెట్టుకుంటే ‘విషయ ప్రాముఖ్యత’ లేదని తొలగించారు. ఎవరికి ప్రాముఖ్యత ఉందో వీళ్ళా తేల్చేది?
- తిరుపతి పాఠకుడు

జవాబు: కాదు, మీ పుస్తకాల గురించి మీరు కానివాళ్ళు రాసిన సమీక్షలు తేలుస్తాయి. అవి ఉంటే వేరెవరో ఒకరు పేజీ మొదలుపెడతారు. ఉన్నాయా? ఉంటే ఏ పత్రిక, ఏ తేదీ అన్నది రచ్చబండలో (వికీలో అందరూ చర్చించుకునే పేజీలో) రాయండి. ముందుమాటలు లెక్కలోకి రావు, అవి అడిగి రాయించుకున్నవి.

ప్రశ్న: మా అబ్బాయి సినిమాల్లో ప్రయత్నిస్తున్నాడు. పాతికవేలిస్తే వికీపీడియాలో పేజీ పెట్టిస్తామని, అది శాశ్వతంగా ఉంటుందని ఒకరు ఫోన్ చేశారు. ఇవ్వొచ్చా?
- విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: ఇవ్వొద్దమ్మా. డబ్బు తీసుకుని రాసేవాళ్ళు ఎవరి దగ్గర తీసుకున్నారో బహిరంగంగా చెప్పి తీరాలని వికీమీడియా నిబంధనల్లో 2014 నుంచీ ఉంది. ఫోన్ చేసినాయన చెప్పడు. పేజీ శాశ్వతంగా ఉంటుందని హామీ ఇచ్చే అధికారం అక్కడ ఎవరికీ లేదు. మీ అబ్బాయి పేజీ రెండు రోజుల్లో తొలగింపుకి వస్తుంది, ఆ చర్చ అబ్బాయి పేరుతో గూగుల్‌లో కనబడినా కనబడొచ్చు. ఒకవేళ నిలిచినా, రేపు ఏదైనా చెడ్డ వార్త అచ్చయితే అది కూడా ఆ పేజీలోకే వస్తుంది, తీయించడం మీ చేతిలో ఉండదు. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే వాళ్ళ మెసేజీలు, రసీదు దాచిపెట్టి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.